చిన్న కారు ప్రమాదం జరిగితే: రోడ్డు మీద మొదటి అరగంట నుంచి మళ్లీ స్టీరింగ్ పట్టేదాకా

సిగ్నల్ దగ్గర వెనక నుంచి ఆటో వచ్చి గుద్దుతుంది. ముందు కారు సడన్ బ్రేక్ వేస్తే మన బంపర్ వెళ్లి ఆనుతుంది. సందు మలుపులో బైక్ వచ్చి డోర్ గీసుకుపోతుంది. ఇలాంటప్పుడు ఏమేం చేయాలో చాలామందికి తెలుసు. ఏది ముందు, ఏది తర్వాత అన్న దగ్గరే తడబడతారు. అందుకే ఈ మార్గదర్శిని పనులు జరగాల్సిన వరసలోనే రాశాం.

ఒక్క హద్దు ముందే చెప్పాలి. ఎవరైనా స్పృహ తప్పినా, రక్తం ఆగకపోయినా, ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నా అది చిన్న ప్రమాదం కాదు. చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి.

## 1. ఈ రోజే కారులో సర్దుకోవాల్సినవి

- రిఫ్లెక్టివ్ ట్రయాంగిల్ (డిక్కీలో మ్యాట్ కింద ఉంటుంది, ఒకసారి తీసి విప్పి చూడండి)
- టార్చ్, పెన్ను, రెండు తెల్ల కాగితాలు
- ఇన్సూరెన్స్ పాలసీ మొదటి పేజీ ఫోటో: పాలసీ నంబర్, టోల్‌ఫ్రీ నంబర్, జీరో డిప్రిసియేషన్ (పార్టుల పాతదనం పేరుతో డబ్బు కోయని కవర్) ఉందో లేదో కనబడాలి
- ఆర్సీ, లైసెన్సు డిజీలాకర్‌లో
- ఫస్ట్ ఎయిడ్ డబ్బా
- టో హుక్

టో హుక్ సంగతి చాలామందికి టోయింగ్ బండి వచ్చాకే గుర్తొస్తుంది. అది సాధారణంగా స్టెప్నీ దగ్గర, జాకీ పక్కన విడిగా ఉంటుంది. బంపర్ మీద చిన్న మూత ఊడదీసి, ఆ రంధ్రంలో మర తిప్పి బిగించాలి. కొన్ని కార్లలో ఎడమ మర ఉంటుంది, అంటే మామూలు బోల్టుకు వ్యతిరేకంగా తిరుగుతుంది. మూత ఎక్కడుందో ఇవాళే చూసి పెట్టుకోండి.

## 2. మొదటి 5 నిమిషాలు

1. కారు ఆపండి. గీతే కదా అని వెళ్లిపోవద్దు. ప్రమాదం చేసి ఆగకపోవడం మోటారు వాహనాల చట్టం కింద నేరం.
2. హజార్డ్ లైట్లు వేసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఇంజిన్ ఆపండి.
3. కారులో ఉన్న ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి మాట్లాడించండి. వెనక సీట్లో పిల్లలు ఏడవకపోతే ఏం కాలేదని అనుకోవద్దు.
4. అద్దంలో వెనక ట్రాఫిక్ చూసుకున్నాకే డోర్ తీయండి.
5. పెట్రోల్ గానీ గ్యాస్ గానీ వాసన వస్తే అందరినీ దూరంగా పంపండి. సీఎన్‌జీ కారైతే, చేతికందే చోట ఉంటే సిలిండర్ వాల్వ్ కట్టేయండి.
6. ట్రయాంగిల్‌ను ఊళ్లో అయితే సుమారు 50 మీటర్ల వెనక, హైవే మీద 100 మీటర్లకు తగ్గకుండా పెట్టండి. కారుకు పది అడుగుల్లో పెడితే వెనక వచ్చేవాడికి అది ఉన్నా లేనట్టే.

హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద, విజయవాడ హైవే లాంటి రోడ్ల మీద రెండు బళ్ల మధ్య నిలబడి డ్యామేజీ చూసుకోవడం అన్నిటికంటే ప్రమాదం. మూడో బండి వచ్చి గుద్దితే తప్పుకోవడానికి చోటుండదు. కదిలే స్థితిలో ఉన్నవాళ్లంతా రెయిలింగ్ అవతలికి వెళ్లి నిలబడాలి. జాతీయ రహదారి మీద సాయానికి 1033, ఎక్కడైనా అత్యవసరానికి 112.

ఎదుటివాళ్లు బైక్ మీద ఉంటే ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి. హెల్మెట్ లాగి తీయకండి. మెడ నొప్పి అంటున్నవాళ్లను లేపి కూర్చోబెట్టకండి. మత్తుగా ఉన్నవాళ్ల నోట్లో నీళ్లు పోయకండి. మన దగ్గర గుమిగూడినవాళ్లు 'పెద్ద బండిదే తప్పు' అని తేల్చేస్తారు. అక్కడ వాదించి గెలిచేది లేదు. ముందు 108కి ఫోన్ చేయండి. మీరు సాయం చేయడం కళ్లారా చూస్తే జనం చాలావరకు చల్లబడతారు.

## 3. తర్వాతి 10 నిమిషాలు: ఫోటోలు

తర్వాత జరిగేదంతా ఈ ఫోటోల మీదే నిలబడుతుంది. అయినా చాలామంది సొట్ట మీద జూమ్ చేసి మూడు తీసి ఊరుకుంటారు. ఆ సొట్ట ఎక్కడ, ఎలా పడిందో వాటిలో ఉండదు. బళ్లు పక్కకు తీయకముందే, నిలబడటం సురక్షితమైతేనే, ఈ వరసలో తీయండి.

1. దూరం నుంచి నాలుగు వైపులా నాలుగు. రెండు బళ్లూ, రోడ్డు గీతలు, సిగ్నల్ లేదా షాపు బోర్డు ఫ్రేములో ఉండాలి.
2. నంబర్ ప్లేటూ దెబ్బ తిన్న చోటూ ఒకే ఫోటోలో, రెండు బళ్లకూ.
3. ముందు చక్రాలు ఎటు తిరిగి ఉన్నాయో ఒకటి. ఎవరు లేన్ మారుతున్నారన్న గొడవ వస్తే ఇదే తేలుస్తుంది.
4. దెబ్బ దగ్గర నుంచి, కొలతకు పక్కన పెన్ను పెట్టి.
5. రోడ్డు మీద టైరు గుర్తులు, రాలిన అద్దం ముక్కలు.
6. మీటర్ బోర్డు: కిలోమీటర్లు, వెలుగుతున్న హెచ్చరిక లైట్లు.
7. చుట్టూ నడుస్తూ అర నిమిషం వీడియో.

అప్పుడు బండి పక్కకు తీసి, ఎదుటివాళ్ల లైసెన్సు, ఆర్సీ, పాలసీ ఫోటో తీసుకోండి. ఇవ్వకపోతే ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొట్టండి, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో కనబడుతుంది. చూసినవాళ్లలో ఒకరి ఫోన్ నంబర్ అడగండి. దారిన పోయేవాళ్లకన్నా పక్కన కొట్టు ఉన్నవాళ్లు నయం, రేపు వెళ్లినా అక్కడే ఉంటారు.

డ్యాష్‌క్యామ్ ఉంటే ఆ క్లిప్‌ను అప్పుడే లాక్ చేయండి, లేదంటే కొత్త రికార్డింగ్ వచ్చి పాతది చెరిగిపోతుంది. షాపుల సీసీ కెమెరాలదీ అదే పద్ధతి కాబట్టి అదే రోజు అడగాలి. ఒరిజినల్ ఫోటోలు ఫోన్‌లోంచి తీసేయకండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది, తీసిన సమయం, చోటు వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి.

## 4. రోడ్డు మీద బేరం

'ఐదు వేలు ఇచ్చెయ్ అన్నా, అయిపోతది' అన్న మాట ఎలాగూ వస్తుంది. దానికి ఊ అనేముందు రెండు విషయాలు చూసుకోవాలి.

ఒకటి, పాలసీ షరతు. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం, డబ్బు ఇస్తానని మాటివ్వడం మామూలు మోటారు పాలసీల్లో కుదరదు. 'నాదే తప్పు' అని కాగితం మీద రాసి సంతకం పెట్టకండి. 'దెబ్బ తగిలిందా?' అని అడగడం వేరు, తప్పు ఒప్పుకోవడం వేరు.

రెండు, బంపర్ లోపల ఏముందో పైకి కనిపించదు. ప్లాస్టిక్ తొక్క లోపలికి వంగి మళ్లీ బయటికి వచ్చేస్తుంది, పైన సన్నటి గీతే మిగులుతుంది. విప్పి చూస్తే పక్క క్లిప్పులు విరిగి, ఫాగ్ ల్యాంప్ బ్రాకెట్ చీలి, ఏసీ కండెన్సర్ రెక్కలు నలిగి ఉండొచ్చు. రోడ్డు మీద ఐదు వేలకు తెగిన బేరం షెడ్డులో ఇరవై వేలవుతుంది.

ఎవరికీ దెబ్బ తగలకుండా, గీతతోనే పోయి, ఇద్దరూ వదిలేద్దామనుకుంటే రాజీ పడొచ్చు. కాగితం మీద తేదీ, సమయం, చోటు, రెండు బళ్ల నంబర్లు, 'ఎవరికీ గాయాలు లేవు', ఇచ్చిన మొత్తం రాసి ఇద్దరూ సంతకం పెట్టి ఫోటో తీసుకోండి. డబ్బు యూపీఐలోనే పంపితే లెక్క ఉంటుంది. ఒక్కరికి చిన్న నొప్పి ఉన్నా రోడ్డు మీద రాజీ వద్దు.

## 5. పోలీస్ స్టేషన్‌కు ఎప్పుడు వెళ్లాలి

- ఎవరికైనా గాయమైతే
- ఎదుటివాళ్లు పారిపోతే, తాగి ఉంటే, ఇన్సూరెన్స్ లేకపోతే
- ప్రభుత్వ ఆస్తికి నష్టం జరిగితే
- ఎదుటివాళ్లు తర్వాత మాట మారుస్తారని అనిపిస్తే

గాయమైతే వీలైనంత తొందరగా, ఆలస్యమైనా 24 గంటల్లోపు స్టేషన్‌లో చెప్పాలని చట్టంలోని 134వ సెక్షన్ అంటుంది. గుంపు కొట్టడానికి వస్తే అక్కడే ఉండక్కర్లేదని అదే సెక్షన్ ఒప్పుకుంటుంది. కానీ నేరుగా దగ్గర్లోని స్టేషన్‌కే వెళ్లాలి, ఇంటికి కాదు.

గాయాలు లేనప్పుడు ఎఫ్ఐఆర్ కట్టకపోయినా జనరల్ డైరీలో (స్టేషన్‌లో రోజువారీ విషయాలు రాసే పుస్తకంలో) నమోదు చేయమని అడిగి, నంబర్, తేదీ రాసుకోండి. గాయానికి నష్టపరిహారం కోరాలంటే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో 6 నెలల్లోపు దరఖాస్తు చేయాలన్న నిబంధన 2022 ఏప్రిల్ నుంచి ఉంది. ఈ గడువు సంగతి తెలియక ఇంట్లో కూర్చునేవాళ్లు చాలామంది.

## 6. ఒళ్లు: మొదటి 48 గంటలు

ప్రమాదం జరిగిన గంటలో ఒళ్లంతా అదురుగా ఉంటుంది, నొప్పి తెలియదు. 'నాకేం కాలేదు' అని రాసిచ్చేది అప్పుడే. మెడ బిగుసుకుపోయేది మర్నాడు పొద్దున మంచం మీంచి లేచేటప్పుడు.

వెనక నుంచి గుద్దినప్పుడు సీటు వీపును ముందుకు తోస్తుంది, తల ఒక క్షణం వెనకబడి తర్వాత ముందుకు విసురుగా వస్తుంది. ఆ విసురుకు మెడ కండరాలు, నరాల చుట్టూ ఉన్న మెత్తటి భాగాలు సాగుతాయి. దీన్నే విప్‌లాష్ అంటారు. కారుకు పెద్ద సొట్ట పడకపోయినా ఇది రావచ్చు.

ఇవి ఉంటే వెంటనే ఆసుపత్రికి:

- ఆగని వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మగత, మాట తడబడటం, మూర్ఛ
- ముక్కులోంచి, చెవిలోంచి నీళ్లలాంటిది కారడం
- మెడ వెనక మధ్య ఎముక మీద నొక్కితే నొప్పి
- చేతులు, కాళ్లు తిమ్మిరెక్కడం, పట్టు తప్పడం, మూత్రం మీద అదుపు పోవడం
- సీటు బెల్టు ఒత్తిన చోట కమిలి, కడుపు నొప్పి లేదా గట్టిపడటం
- ఊపిరి తీస్తే ఛాతీ నొప్పి

గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, తలకు దెబ్బ తగిలిన వృద్ధులు ఏ లక్షణమూ లేకపోయినా అదే రోజు వెళ్లాలి.

డాక్టర్‌కు కారు ప్రమాదమనే చెప్పండి. పోలీసు కేసు అవుతుందన్న భయంతో 'మెట్ల మీద జారిపడ్డా' అని రాయిస్తారు. ఆరు వారాల తర్వాత నొప్పి ముదిరితే ఆ చీటీయే మీకు అడ్డు తిరుగుతుంది. రోడ్డు ప్రమాద బాధితులకు ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు, రూ. 1.5 లక్షల దాకా నగదు రహిత చికిత్స ఇచ్చే కేంద్ర పథకం 2025 మే నుంచి ఉంది, చేర్పించేటప్పుడే అడగండి.

ప్రమాద లక్షణాలు లేనప్పుడు ఇంట్లో:

1. మొదటి 48 గంటలు గుడ్డలో చుట్టిన ఐస్, ఒక్కోసారి 15 నిమిషాలు, రోజుకు 3 నుంచి 4 సార్లు. తర్వాత హాయిగా అనిపిస్తే వేడి కాపడం.
2. మెడ పట్టీ మీ అంతట మీరే కొని వారం రోజులు పెట్టుకోకండి. కదలని మెడ ఇంకా బిగుస్తుంది.
3. మెల్లగా తల కుడికి, ఎడమకు, కిందికి, నొప్పి మొదలయ్యేదాకా మాత్రమే. ఒక్కో వైపు 5 సార్లు, రోజుకు నాలుగైదు విడతలు.
4. నొప్పికి పారాసిటమాల్ చాలు. తలకు దెబ్బ తగిలి ఉంటే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ డాక్టర్ చెప్పేదాకా వద్దు. కాలేయం జబ్బున్నవాళ్లు పారాసిటమాల్‌కు కూడా అడగాలి.
5. తలకు దెబ్బ తగిలితే మొదటి 24 గంటలు ఒంటరిగా ఉండొద్దు, మద్యం ముట్టొద్దు.
6. రోజూ రెండు వాక్యాలు రాసిపెట్టండి: ఎక్కడ నొప్పి, ఏ పని చేయలేకపోయారు. డాక్టర్‌కూ, రేపు ట్రిబ్యునల్‌కూ ఇదే పనికొస్తుంది.

మెడ పట్టేసిందని మంగలి షాపులో 'పటక్' మనిపించుకోవడం మనవాళ్లకు అలవాటు. ప్రమాదం తర్వాత అది పూర్తిగా మానండి. ఎక్కువమందికి కొద్ది వారాల్లో తగ్గుతుంది. రెండు వారాలైనా మార్పు లేకపోతే ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లండి.

## 7. కారు నడపొచ్చా, టోయింగ్ చేయాలా

కిందికి వంగి చూడండి. నీళ్లు కారుతుంటే వేలితో ముట్టి చూడాలి. రంగు లేని నీళ్లు ఏసీవి కావచ్చు. ఆకుపచ్చగా, గులాబీగా, జిగటగా ఉంటే కూలెంట్ (ఇంజిన్ చల్లారకుండా చేతులు దగ్గరికి పెట్టకండి). కూలెంట్ కారుతున్న కారును 'షెడ్డు రెండు కిలోమీటర్లే కదా' అని నడిపితే బంపర్ ఖర్చుతో పోయేది ఇంజిన్ ఖర్చుగా మారుతుంది. పైగా ప్రమాదం తర్వాత నడిపి పాడుచేసిన ఇంజిన్‌కు కంపెనీ డబ్బు ఇవ్వనని అనొచ్చు.

వీటిలో ఒక్కటున్నా నడపొద్దు:

- ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరకపోవడం
- స్టీరింగ్ ఒక పక్కకు లాగడం, టైరు లోపల రాసుకోవడం
- బానెట్ లాక్ సరిగ్గా పడకపోవడం
- హెడ్‌లైటు లేదా బ్రేక్ లైటు వెలగకపోవడం
- ఏసీ నీళ్లు కాకుండా ఏ రకమైన లీకేజీ అయినా

ఆటోమేటిక్, ఫోర్ వీల్ డ్రైవ్, ఎలక్ట్రిక్ కార్లకు నాలుగు చక్రాలూ పైకెక్కించే ఫ్లాట్‌బెడ్ బండే అడగండి. ఎలక్ట్రిక్ కారు అడుగు భాగం రాయికి తగిలితే కారు మామూలుగా నడుస్తున్నా బ్యాటరీ చూపించాలి. నారింజ రంగు వైర్లను ముట్టుకోవద్దు.

## 8. క్లెయిమ్ వేయాలా, చేతి నుంచి పెట్టుకోవాలా

క్లెయిమ్ వేయాలో లేదో తర్వాత తేల్చుకోవచ్చు, కంపెనీకి చెప్పడం మాత్రం 24 గంటలు దాటనివ్వకండి. లెక్క ఇలా వేయండి.

మూడున్నరేళ్ల కారు, జీరో డిప్రిసియేషన్ లేదు, 1500 సీసీ లోపు. బిల్లు రూ. 27,000 అనుకుందాం.

- బంపర్, ప్లాస్టిక్: రూ. 8,000. ప్లాస్టిక్, రబ్బరుకు 50% కోత, అంటే రూ. 4,000
- ఫెండర్, ఇనుము: రూ. 6,000. ఈ వయసుకు 25%, అంటే రూ. 1,500
- పెయింటింగ్: రూ. 9,000. ఇందులో పావు వంతు రంగు ఖర్చుగా లెక్కేసి దాంట్లో సగం కోస్తారు, అంటే రూ. 1,125
- కూలి: రూ. 4,000. కోత లేదు
- తప్పనిసరి మినహాయింపు (ప్రతి క్లెయిమ్‌లో మీరే పెట్టుకోవాల్సిన మొత్తం): రూ. 1,000 (1500 సీసీ దాటితే రూ. 2,000)

మీ చేతి నుంచి రూ. 7,625, కంపెనీ నుంచి రూ. 19,375. ఇక్కడే లెక్క ఆపేస్తే తప్పు. క్లెయిమ్ వేస్తే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ వేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సున్నాకు వస్తుంది. ఆ బోనస్ మెట్లు 20, 25, 35, 45, 50 శాతం. ఇప్పుడు 35% మీద ఉంటే వచ్చే ఏడాది 45% రావాలి, దాని బదులు ఏమీ రాదు. ఆ తర్వాత వరుసగా 50కి బదులు 20, 25, 35, 45. ఐదేళ్ల తేడాలు కలిపితే 45+30+25+15+5, మొత్తం 120%. సొంత నష్టం ప్రీమియం (మన బండి రిపేరు కవర్‌కు కట్టేది, బోనస్ దీని మీదే) ఏటా రూ. 12,000 ఉంటే పోయేది రూ. 14,400.

అంటే ఈ క్లెయిమ్‌లో నిజంగా మిగిలేది సుమారు రూ. 5,000. బిల్లు రూ. 15,000 అయితే వేయకపోవడమే మేలు. జీరో డిప్రిసియేషన్ గానీ, బోనస్‌ను కాపాడే యాడ్ ఆన్ గానీ ఉంటే లెక్క మారుతుంది.

క్లెయిమ్ ఫారంలో జరిగే పెద్ద తప్పు: లైసెన్సు లేని తమ్ముడు నడిపితే నాన్న నడిపారని రాయడం. ఫోటోలు, ఫోన్ కాల్స్, సాక్షులు బయటపెడితే క్లెయిమ్ మొత్తం పోతుంది. పాత గీతల్ని ఈ ప్రమాదంలో కలపడమూ అంతే. తుప్పు పట్టిన గీతను సర్వేయర్ (నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపే మనిషి) చూడగానే గుర్తుపడతారు.

## 9. షెడ్డులో

1. సర్వేయర్ చూడకముందు ఏమీ విప్పనివ్వకండి. విప్పాక లోపల కొత్త డ్యామేజీ బయటపడితే పని ఆపించి మళ్లీ చూపించాలి, లేదంటే ఆ పార్టులు మీ ఖాతాలో పడతాయి.
2. ఎస్టిమేట్‌లో ప్రతి పార్టు పక్కన 'మార్పు'నా 'రిపేరు'నా అని రాయించండి.
3. మార్చిన పాత పార్టులు చూపించమనండి.
4. మెటాలిక్ రంగైతే ఒక్క ప్యానెల్‌కే వేస్తే తేడా కనబడుతుంది. పక్క ప్యానెల్‌లోకి కలుపుతారా అని ముందే అడగండి.
5. చక్రానికి దెబ్బ తగిలితే వీల్ అలైన్‌మెంట్ ప్రింటవుట్ తీసుకోండి. ముందు కెమెరా, రాడార్ ఉన్న కార్లకు క్యాలిబ్రేషన్ (వాటిని మళ్లీ సరిగ్గా సెట్ చేయడం) కూడా కావాలి.

డెలివరీకి పగలే వెళ్లండి. ట్యూబ్‌లైటు కింద రంగు తేడా తెలియదు. బానెట్‌కూ ఫెండర్‌కూ మధ్య సందు రెండు వైపులా సమానంగా ఉందో వేలి గోరు పెట్టి చూడండి. సీటు బెల్టు విసురుగా లాగి పట్టుకుంటుందో, మెల్లగా లాగితే సాఫీగా వస్తుందో చూడండి. ఒక రౌండు నడపండి.

సంతకం అడిగే కాగితాల్లో ఒకటి సాటిస్‌ఫాక్షన్ వోచర్, అంటే పని తృప్తిగా ఉందని మీరు ఒప్పుకోవడం. కారు లిఫ్టు మీద ఉండగానే దాన్ని కౌంటర్‌లో ముందుకు తోస్తారు. నడిపి చూశాకే పెట్టండి.

కోత అన్యాయమనిపిస్తే కారణం రాతలో అడిగి, కంపెనీ ఫిర్యాదుల విభాగానికి పంపండి. 30 రోజుల్లో తేలకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి ఉచితంగా వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆయన పరిధిలోవే.

## 10. మళ్లీ స్టీరింగ్ పట్టేముందు

ఇంటి ముందు ఆపి ఉన్న కారులో కూర్చుని చూసుకోండి:

- రెండు భుజాల మీదుగా నొప్పి లేకుండా వెనక్కి చూడగలుగుతున్నారా
- బ్రేకును ఒక్కసారిగా గట్టిగా తొక్కగలుగుతున్నారా
- మత్తునిచ్చే కండరాల మందులు ఆపేశారా

తల పైభాగం ఎత్తుకు హెడ్‌రెస్ట్ పైభాగం రావాలి, తలకూ దానికీ మధ్య నాలుగు వేళ్ల సందు మించకూడదు. ప్రమాదంలో ఉన్న పిల్లల కార్ సీటు పైకి బాగున్నా దాని తయారీదారు సూచన చూసి మార్చండి.

వెనక హారన్ మోగితే గుండె దడ, ఆ కూడలి వస్తుంటే చేతులు చెమటలు పట్టడం మొదటి వారాల్లో మామూలే. మొదట కాలనీలో పది నిమిషాలు, తర్వాత పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని మెయిన్ రోడ్డు, ఆపైన ఆదివారం పొద్దున అదే కూడలి, చివర్లో ఆఫీసు వేళ. ఒక మెట్టు మీద దడ తగ్గాకే పై మెట్టుకు వెళ్లండి. 'ఇంత పిరికితనమా' అనే బంధువును మాత్రం పక్క సీట్లో ఎక్కించుకోకండి.

నెల దాటినా నిద్రలో అదే శబ్దం వినబడుతుంటే, కారు ఎక్కడమే మానేస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.